కొడుకు కోసం దాచిన డబ్బుతో కూతురి చదువా?

ప్రశ్న: ప్రొద్దుటూరులో బట్టల దుకాణంలో గుమస్తాను. నెలకు 28 వేలు వస్తాయి. మా బాబుకు మేధో వైకల్యం ఉంది. తమ్ముడిని సాకుతూ పెరిగిన మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, అలాంటి పిల్లలను చూసుకునే నర్సు అవుతానంటోంది. ఆ చదువు ఐర్లాండ్‌లో ఉందని ఒక ఏజెంటు చెప్పాడు. బాబు కోసం దాచిన 6 లక్షలు తీసి, ఇల్లు కూడా తాకట్టు పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఆ 6 లక్షలు ముట్టుకోకండి, ఇంటి పత్రాలు బీరువా దాటనివ్వకండి. అమ్మాయి కోరిక మాత్రం ఎంతో మంచిది, దాన్ని నిలబెట్టాలి.

ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు. ఐర్లాండ్‌లో మేధో వైకల్య నర్సింగ్ ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉన్న నాలుగేళ్ల డిగ్రీ. మన దేశంలో అలాంటి విడి శాఖ లేదు. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చేసి, తర్వాత మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా గానీ రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ చేయవచ్చు. పిల్లలకు నేర్పించడమే ఇష్టమైతే స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలోనూ ఉన్నాయి. ఈ రెండిట్లో ఏది కావాలో ముందు అమ్మాయినే తేల్చుకోనివ్వండి.

ఇక డబ్బు. సాధారణంగా 7.5 లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగరు. పైగా కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షలు మించని వారికి, చదువుకునే కాలంతో పాటు మరో ఏడాది వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. మీ ఆదాయం 3.36 లక్షలే. విదేశీ చదువుకు మాత్రం ఇది వర్తించదు. కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, ఈ పథకం కిందికి వస్తుందో లేదో సీటు తీసుకోకముందే బ్యాంకులో అడగండి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి.

ఏటా లక్షా పాతిక వేల చొప్పున నాలుగేళ్లకు 5 లక్షలు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం. ఆ వడ్డీ రాయితీ వస్తే, ఉద్యోగంలో చేరాక ఏడేళ్లపాటు నెలకు దాదాపు 8,300 కట్టాలి. కొత్త నర్సు జీతంలో అది చిన్న మొత్తం కాదు, కానీ మోయగలిగిందే. రాయితీ రాకపోతే ఐదేళ్లలో పేరుకునే వడ్డీ సుమారు 1,75,000. అలాగైతే చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ వరకు కట్టేయండి, మొదటి ఏడాది నెలకు 1,040 చాలు, నాలుగో ఏడాదికి 4,170 అవుతుంది.

మరో మాట. అమ్మాయి నర్సు అయితే తమ్ముడి బాధ్యత తీరిపోతుందని లెక్క వేసుకోకండి. ఆమెకు తన జీవితం ఉంటుంది, ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తెలియదు. బాబు డబ్బు బాబుకే ఉండాలనడం అందుకే. వైకల్య ధ్రువపత్రం ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. ఏటా లక్ష వరకు చికిత్స, థెరపీ ఖర్చులకు వస్తుంది, ఆ 6 లక్షల్లోంచి తీయాల్సిన అవసరం తగ్గుతుంది.