నానో మందులు పల్లెటూరి వాళ్ళ దాకా ఎప్పటికి వస్తాయి?

ప్రశ్న అడిగినాయన, నానో టెక్నాలజీ వైద్యం అంటూ పేపర్లలో చదవడమే గానీ అది మనలాంటి వాళ్ళకి ఎప్పటికి అందుతుందని అడిగారు. ఎప్పుడో వచ్చేసిందండీ. 2021లో మా మావయ్య ఒంట్లోకి రోజుకి ఆరు సీసాల చొప్పున ఎక్కింది. ఆ సీసాల కోసం తిరిగినవాణ్ణి నేనే.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మావయ్యకి ఎప్పటినుంచో షుగరు. మే నెల మొదట్లో కరోనా వస్తే, ఊళ్ళో అందరూ డాక్టరు గారని పిలిచే ఒకాయన రోజుల తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు మింగించాడు. ఒక్క రోజు కూడా షుగరు చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కరోనా తగ్గింది గానీ కుడి చెంప మొద్దుబారింది, పై పళ్ళు కదిలాయి, ముక్కులోంచి నల్లటి పెచ్చు ఊడిపడింది. కాకినాడ తీసుకెళితే బ్లాక్ ఫంగస్ అన్నారు. కుళ్ళిన ఎముక తీసేశారు.

దానికి మందు ఆంఫోటెరిసిన్ బి. వెనిజులాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950ల్లో తీశారు. ఫంగస్ కణం పొరలో ఉండే ఒక కొవ్వుని పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. దాన్ని పోలిన కొవ్వు, అదే కొలెస్ట్రాల్, మన కణాల పొరల్లోనూ ఉంది కదా. అందుకే కిడ్నీలకి దెబ్బ. కిడ్నీలకి అంత దెబ్బ తగలని లైపోసోమల్ రకం ఆ వారం దొరక్క మామూలు రకంతోనే మొదలుపెట్టారు. ఎక్కించిన గంటకల్లా మావయ్యకి వణుకు. బయట రోహిణి కార్తె ఎండ మండిపోతోంది, లోపల మూడు దుప్పట్లు కప్పినా ఇనప మంచం కాళ్ళు నేలమీద టకటక కొట్టుకున్నాయి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్, నాలుగో రోజుకి 1.1 నుంచి 2.4కి పోయింది. ఇక లైపోసోమల్ తెచ్చి తీరాలన్నారు.

లైపోసోమల్ అంటే అదే మందుని కొవ్వు బుడగల్లో పెట్టడం. ఒక్కో బుడగ వంద నానోమీటర్ల లోపే, వెంట్రుక మందంలో వెయ్యో వంతుకి కాస్త అటూ ఇటూ. పూతరేకు తెలుసుగా, మడతల మధ్య చక్కెర చల్లుతారు. ఇక్కడ మందు అలా మధ్యలో ఉండదు, రేకులోనే కలిసిపోయి ఉంటుంది. ఫంగస్ దగ్గరికి చేరేదాకా ఆ రేకు దాన్ని అంత తేలిగ్గా వదలదు, కాబట్టి కిడ్నీల మీద భారం తగ్గుతుంది.

కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్క, మావయ్య 60 కిలోలు. సీసాలో 50 మిల్లీగ్రాములు, అంటే రోజుకి ఆరు సీసాలు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. బావా నేనూ రొయ్యల చెరువు దగ్గరి థర్మోకోల్ పెట్టె బండికి కట్టుకుని రాజమండ్రి వెళ్ళాం. చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదన్నారని ఐసు మీద తువ్వాలు మడిచి, దానిమీద పెట్టి తెచ్చాం. ఆ రాత్రి సిస్టర్ గారు మొదటి సీసా తీసి ట్యూబ్‌లైటు కిందకి పట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. "ఇది మామూలుది బాబూ. లైపోసోమల్ అని దీనిమీద ఎక్కడుంది?" అన్నారు.

పేరు అదే, 50 మిల్లీగ్రాములు అదే. మందుల షాపువాడు చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు. మామూలు రకం మోతాదు చాలా తక్కువ. ఆరు సీసాలూ ఒకేసారి ఎక్కించి ఉంటే గుండె ఆగిపోయేదని ఆవిడ చెబుతుంటే నాకు కాళ్ళు ఆడలేదు. షాపువాడు సీసాలు వెనక్కి తీసుకోలేదు. ఆ నెలలోనే ఈ జబ్బుని ఆరోగ్యశ్రీలో చేర్చారు కాబట్టి, తర్వాత అసలు మందు కొద్దికొద్దిగా అందింది.

అప్పుడు మా అత్త గొడవ. "షుగరు మనిషికి గ్లూకోజు బాటిల్లో కలిపి ఎక్కిస్తారా?" అని అడ్డం నిలబడింది. సిస్టర్ గారు విసుక్కోలేదు. సెలైన్లో ఉప్పుంటుంది, అది తగిలితే ఈ మందు పాలు విరిగినట్టు విరిగిపోతుంది, అందుకే డెక్స్ట్రోజు, అంటే గ్లూకోజు, షుగరుకి ఇన్సులిన్ ఇస్తున్నాం అని చెప్పారు. పొడిలో నీళ్ళు పోసి సీసాని అర నిమిషం గట్టిగా ఊపి, పసుపుపచ్చగా కలిసిన మందుని ఫిల్టరు గుండా బాటిల్లోకి దించారు. ఆ పసుపు నీళ్ళు ఎక్కుతుంటే మావయ్య నిద్రపోయాడు. రెండు వారాల్లో క్రియాటినిన్ 1.3కి దిగింది. ఆయన కిడ్నీలు నిలిచాయంటే ఆ బుడగల చలవే, ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

మా వైపు నానో అంటే పొలానికి కొట్టే యూరియా సీసా. లేదంటే నొప్పులు పోతాయని సంతలో అమ్మే నానో బిళ్ళ. మా అమ్మ కూడా ఒకటి కొని మెళ్ళో వేసుకుంది. నిజంగా పనిచేసేవాటి మీద మాత్రం ఆ పేరే ఉండదు. కరోనా టెస్టు కార్డు మీద, గర్భం టెస్టు మీద పడే ఎర్ర గీత చాలావాటిలో బంగారపు నలకలే. అంత చిన్నగా చేస్తే బంగారం ఎర్రగా కనిపిస్తుంది. గర్భిణులకి రక్తం తక్కువైతే ఎక్కించే ఐరన్ సుక్రోజు కూడా నానో సైజు రేణువులే. ఎవరూ మనకి చెప్పరు, అంతే.

మావయ్య ఇప్పుడు కట్టుడు అంగిలి పెట్టుకుని అన్నం తింటున్నాడు. ఆ రోజు తెచ్చిన తప్పు సీసా ఒకటీ, ఖాళీ అయిన లైపోసోమల్ సీసా ఒకటీ మా ఇంట్లోనే ఉన్నాయి. మా చుట్టుపక్కల ఎవరికైనా ఆ మందు రాస్తే, షాపుకి వెళ్ళేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.