స్వస్థత కూటం పెడుతున్న నా చెల్లెలి కొడుక్కి

ప్రభువునందు ప్రియమైన చిన్నా,

నీకూ కోడలికీ యేసు నామంలో పెద్దమ్మ వందనాలు.

నీ కరపత్రం మీ అమ్మ నిన్న వాట్సాప్‌లో పంపింది. వచ్చే నెల మొదటి శుక్రవారం నుంచి మీ మందిరంలో స్వస్థత కూటాలట. నీ ఫొటో, కింద నీ పేరు, పేరుకు ముందు 'దైవజనులు' అని. మీ పెదనాన్న ఉంటే ఆ ఫొటో పట్టుకుని ఊరంతా తిరిగేవారు. నేను రెండుసార్లు చూసుకుని కళ్లు తుడుచుకున్నాను. తర్వాత కింద చిన్న అక్షరాలు చదివాను. 'షుగరు, టీబీ, ఫిట్స్, క్యాన్సర్, ఏ రోగమైనా సరే విశ్వాసంతో రండి, ఆ రాత్రే సాక్ష్యంతో వెళ్లండి' అని ఉంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే 'సరే పెద్దమ్మా' అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

కూటం పెట్టొద్దని నేను అనను. ముప్పై రెండేళ్లు మీ పెదనాన్నతో పాటు సేవలో ఉన్నాను. రోగుల మీద చేతులుంచి ప్రార్థించాను, ఇప్పటికీ ప్రార్థిస్తాను. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్న పిల్లాడు మూడో రోజు లేచి గంజి అడగడం ఈ కళ్లతో చూశాను. దేవుడు బాగుచేస్తాడని నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మైకు, కుర్చీలు, కరెంటు సంగతి మీ కుర్రాళ్లు చూసుకుంటారు. ఆడవాళ్లకు ప్రార్థించేటప్పుడు కోడలు పక్కనే ఉండాలి. రోగి ఎంత బతిమాలినా ఆ రోజు కానుక తీసుకోకు. షుగరు ఉన్నవాళ్ల చేత, బాలింతల చేత ఉపవాసం చేయించకు. కరపత్రంలో రోగాల పేర్లు తీసేసి మళ్లీ వేయించు, ఖర్చు నేను పంపుతాను.

ఇంకొకటి, కిటికీలు. ఏసీ పెట్టించాక రోడ్డు వైపు కిటికీలన్నీ బిగించేశారు, పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చూశాను. వాటిని తెరిపించు. పెద్దమ్మది చాదస్తం అనుకోకు. దగ్గేవాళ్లూ పసిపిల్లలూ ఒకే గదిలో మూడు గంటలు కూర్చుంటారు. మూసిన గదిలో దగ్గు వినబడితే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది. ఎందుకో మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1996లో మేము తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉన్నాం. సంఘంలో ఒకమ్మాయి ఉండేది. పేరు రాయను. ఇరవై ఆరేళ్లుంటాయి, భర్త వదిలేసి వెళ్లాడు, ఆరేళ్ల కూతురు. మిరపకాయ కోతలకు కూలికి వెళ్లేది. దగ్గు పట్టుకుంది, సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి దుప్పటి తడిసేలా చెమటలు. కళ్లె పరీక్ష చేస్తే టీబీ అన్నారు. మాత్రలు మొదలుపెట్టారు. అందులో ఎర్ర గొట్టం మాత్ర వేసుకున్న రోజే ఒంటేలు ఎర్రగా వచ్చిందని బెదిరిపోయి నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. కాంపౌండరును అడిగి, అది మందు రంగేనమ్మా అని చెప్పి పంపాను. రోజూ పొద్దున్నే ఆమె కోసం మోకరించేదాన్ని. నెలన్నర తిరిగేసరికి జ్వరం పోయింది. దగ్గు ఆగింది. బుగ్గలు వచ్చాయి.

ఆ శుక్రవారం కూటంలో నేనే ఆమెను లేపాను. "లే తల్లీ, ప్రభువు నీకు చేసిన మేలు చెప్పు" అని మైకు నా చేత్తో ఇచ్చాను. "ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడు" అంది. స్తోత్రాలు, హల్లెలూయలు, చప్పట్లు. వెనక నుంచి ఎవరో "ఇక మాత్రలెందుకమ్మా" అన్నారు. ఆమె నా మొహంలోకి చూసింది. చిన్నా, నేను మానేయమనలేదు. మానొద్దనీ అనలేదు. నవ్వాను, అంతే. అమ్మగారు నవ్వారు కాబట్టి అదే జవాబనుకుంది. ఆ రాత్రే మాత్రల పొట్లం పెరట్లో పారేసిందని తర్వాత తెలిసింది.

ఆరు నెలలు వాడవలసిన మందు అది. మొదటి నెలల్లో రోగం తగ్గినట్టే ఉంటుంది, లోపల మొండి క్రిములు మిగిలే ఉంటాయి. మూడు నెలలకు దగ్గు మళ్లీ వచ్చింది. కానీ ఎవరితో చెబుతుంది? ఊరందరి ముందు మైకులో సాక్ష్యం చెప్పిన మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేది. కూటంలో చివరి వరసలో, మూసిన కిటికీ పక్కన, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పాట పల్లవిలో గొంతులన్నీ లేచినప్పుడు చూసుకుని దగ్గేది. నాకు వినబడింది. వినబడి కూడా "విశ్వాసంలో నిలబడమ్మా" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు. ఆమె సాక్ష్యం మా సంఘానికి పేరు తెచ్చింది, అది తప్పని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

కొంగుకు రక్తం కనబడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పాత మందులు పనిచేయలేదు. మధ్యలో ఆపితే ఇలాగే మొండికేస్తుందని డాక్టరుగారు అన్నారు. నన్ను తిట్టలేదు కూడా. చనిపోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అమ్మగారూ, నేను అబద్ధ సాక్ష్యం చెప్పానా? ప్రభువుకు కోపం వచ్చిందా?" ఊపిరాడని పిల్ల దాని గురించి భయపడుతోంది, చిన్నా. "లేదు తల్లీ, చెప్పించింది నేను" అన్నాను. విందో లేదో.

ఆ తర్వాత ఏడాది పాటు సువార్తలు తప్ప ఇంకేమీ చదవలేకపోయాను. అంతకు ముందు వందసార్లు చదివినవే. మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని ప్రభువు ముట్టుకున్నాడు, వాడు శుద్ధుడయ్యాడు. వెంటనే ఏమన్నాడు? ఎవరితోనూ ఏమీ చెప్పొద్దు, వెళ్లి యాజకుడికి కనబరచుకో అన్నాడు. లేవీయకాండం 13, 14 అధ్యాయాలు దీనితో కలిపి చదువు. మచ్చ చూడటం, ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూడటం, శుద్ధుడని చెప్పడం, అంతా యాజకుడి పని. బాగుచేసినవాడే పరీక్షకు పంపాడు. నేను పరీక్ష లేకుండా మైకు ఇచ్చాను.

మార్కులోనే ఎనిమిదో అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడున్నాడు చూడు. ప్రభువు అతన్ని చెయ్యి పట్టుకుని ఊరి బయటకు తీసుకెళ్లాడు. జనం లేని చోటికి. చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, మనుషులు చెట్లలాగా నడుస్తూ కనబడుతున్నారని. ప్రభువు కోప్పడలేదు, మళ్లీ చేతులుంచాడు. అప్పుడు అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. అదే మన కూటంలో, అంతమంది మధ్య, మైకు ముందు అడిగితే ఆ మనిషి ఏమనేవాడు? అంతా కనబడుతోందనేవాడు. రెండోసారి చేతులుంచే అవకాశమే ఉండేది కాదు. నీ దగ్గరకు వచ్చినవాళ్లకు 'ఇంకా తగ్గలేదు' అని చెప్పే చోటు ఉంచు. పక్కకు తీసుకెళ్లి అడుగు, నెమ్మదిగా అడుగు. సాక్ష్యం డాక్టరు కాగితం వచ్చాక చెప్పించవచ్చు, దేవుడికి తొందరేమీ లేదు.

'నీకు విశ్వాసం చాలదు' అనే మాట నీ నోట రాకూడదు. వస్తే నేను ఊరుకోను. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించితే, ప్రభువు 'వారి విశ్వాసము చూచి' అని రాసి ఉంది. మోసుకొచ్చిన వాళ్లది కూడా. మంచంలో ఉన్నవాడి మీద ఆ బరువు కూడా ఎందుకు పెడతావు? పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ పొమ్మని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు, 'నా కృప నీకు చాలును' అని జవాబొచ్చింది. తనతో తిరిగిన త్రోఫిమును మిలేతు ఊళ్లో రోగిగానే విడిచి వెళ్లాడు. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు.

మన గుంటూరులోనే చూడు. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ దొరసాని 1883లో వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. మా అమ్మ పుట్టింది అక్కడే. మందు చేతిలో పెట్టే ముందు ప్రార్థన చేసేవారని మా అమ్మమ్మ చెప్పేది. మన తాతల కాలం నుంచీ రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

ఆ అమ్మాయి కూతురికి కూడా దగ్గు వచ్చింది. ఆ పిల్లను మా ఇంటికి తెచ్చుకున్నాను. గోడ మీద క్యాలెండరులో రోజుకో గీత పెడుతూ ఆరు నెలలు మాత్రలు నేనే వేశాను. మాత్ర అరచేతిలో పెట్టుకుని, ఇంకో చెయ్యి దాని తల మీద ఉంచి ప్రార్థించేదాన్ని. చేదుకు మొహం ముడిచి, ఆమెన్ మాత్రం గట్టిగా అనేది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను చేసిన స్వస్థత ప్రార్థనల్లో నాకు బాగా గుర్తున్నవి అవే.

ప్రతి కూటం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి 'మందులు మానకండి' అని నీ నోటితో, మైకులో చెప్పు. ఊరుకుంటే ఏమవుతుందో నేను చూశాను. మీ ఊరి ఆశా కార్యకర్తను కూడా పిలువు, దగ్గేవాళ్లను ఆమెకు అప్పగించు. ఇప్పుడు టీబీ మందు ఉచితం, 2024 నవంబరు నుంచి తిండికి నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు. మా సంఘంలోని ఆ అమ్మాయికి ఆ రోజుల్లో ఆ డబ్బు లేదు.

చివరగా, అసలు నాకు నిద్ర పట్టనిది. మీ అమ్మ. నువ్వు కడుపులో ఉన్నప్పుడే నిన్ను సేవకు ఇస్తానని మొక్కుకున్న మనిషి. మొదటి కూటంలో ముందు వరసలో కూర్చుంటుంది. నీ సేవకు పేరు రావాలని, నీ ప్రార్థన వల్లే తగ్గిందని చెప్పుకోవాలని ఇన్సులిన్ మానేస్తుందేమోనని నా భయం. నిన్న ఫోన్‌లో "అక్కా, ఇంకెన్నాళ్లు ఈ సూదులు, మా వాడు ప్రార్థిస్తాడుగా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఫ్రిజ్ తెరిచి సీసా ఎంత తగ్గిందో ఇవాళే చూడు. శుక్రవారం పొద్దున టిఫిన్‌కు ముందు సూది నువ్వే వెయ్యి, వేస్తూ ప్రార్థన చెయ్యి. ఏడున్నరకు నేను ఫోన్ చేస్తాను. వేశానని ఆమె చేత కాదు, నీ నోటితో చెప్పు.

మీ పెద్దమ్మ