కర్రకి కొలతేంటి అని నవ్వినవాణ్ణి నేనే

అడిగిన ప్రశ్న: "నవంబరులో కుమార పర్వతం వెళ్తున్నాం. ట్రెకింగ్ పోల్స్ ఆన్‌లైన్‌లో కొనేస్తే సరిపోతుందా, లేక బెంగళూరులో తెలిసినవాళ్లెవరికైనా చూపించి కొలత పెట్టించుకోవాలా?"

కొనడం ఎక్కడైనా కొనండి. కొన్నాక మాత్రం వాటితో కొండలు తిరిగిన మనిషికి ఒక్కసారి చూపించండి. నేను చూపించకుండా వెళ్లింది కూడా కుమార పర్వతానికే, అదీ నవంబరులోనే. అందుకే మీ ప్రశ్న చూడగానే మోకాలు జివ్వుమంది.

ట్రెకింగ్ పోల్స్ అంటే కొండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆనించుకునే కర్రలు, గొట్టాలు ఒకదాన్లో ఒకటి దూరి పొడుగు మారేవి. మూడేళ్ల కిందట బెంగళూరు మారతహళ్లిలో ఉండగా ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించుకున్నాను. పన్నెండొందలు, అల్యూమినియం, తిప్పి బిగించే రకం. గొట్టం మీద 135 సెంటీమీటర్ల దాకా అంకెలున్నాయి. నాది అయిదడుగుల ఎనిమిదంగుళాలు, అంటే పొడుగే కదా అని 130 దగ్గర పెట్టి బిగించేశాను. ఆ వానాకాలం కుద్రేముఖ్ వెళ్లాం. వాన, బురద, జలగలు. రోజంతా మోచేతులు పైకి లేపుకుని నడిచాను. మర్నాడు కాళ్ల కంటే భుజాలే ఎక్కువ నొప్పెట్టాయి. పోల్స్ వాడితే అంతే కాబోలు అనుకుని బురదతోనే బాల్కనీలో పడేశాను.

ఆ నెలలోనే మా నాన్న ఊరినుంచి వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో తలుపు కిర్రుమంటే చాలు, నూనె డబ్బా పట్టుకుని లేస్తారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పోల్స్ తళతళా మెరుస్తున్నాయి. బురద కడిగి, ముక్కలు విడదీసి, తుడిచి మళ్లీ బిగించి పెట్టారు. "వస్తువు కొనగానే సరిపోదురా, చూసుకోవాలి" అన్నారు. నాకు సిగ్గేసింది.

ఇక నవంబరు. కుక్కే సుబ్రహ్మణ్య నుంచి ఎక్కాం. కొండ ఎత్తు 1712 మీటర్లు, కుక్కేలో గుడి దగ్గర మొదలుపెడితే దాదాపు అడుగునుంచి ఎక్కినట్టే లెక్క. పైకి వెళ్లేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు, దారి మధ్యలో వచ్చే గిరిగద్దె దాటి అడవిలోకి వచ్చాక, వేర్లూ రాళ్లూ ఉన్న చోట ఎడమ పోల్ ముందుకి ఆనించి బరువంతా దాని మీద వేశాను. గొడుగు మూసినట్టు అది తనలోకి తానే దిగిపోయింది. నేనూ దాంతోపాటే వెళ్లాను. అరచెయ్యి గీరుకుపోయింది, కుడి మోకాలు రాయికి కొట్టుకుంది. లేచి గట్టిగా తిప్పాను. పది అడుగులకి మళ్లీ దిగింది. పళ్లు బిగించి తిప్పాను, మళ్లీ దిగింది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి దెబ్బలకి వేసే టేపు ఇస్తే గొట్టాలు కలిసే కీలు దగ్గర నాలుగు చుట్లు చుట్టాను. ఆ టేపు చెమటకి జారింది. చివరికి రెండూ బ్యాగులో పెట్టేసి, చెట్లు పట్టుకుంటూ కుక్కే చేరాను. వారం రోజులు ఆఫీసులో మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

తప్పు వస్తువుదే అనుకుని ఒక పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు "ఇది అడ్జస్టబుల్ సార్, ఏ హైటుకైనా వస్తుంది" అని ఇంకో జత చేతిలో పెట్టాడు. ఏ కొండ, ఏ మోకాలు, వేసుకునే బూట్లేంటి, ఏమీ అడగలేదు. బడ్జెట్ మాత్రం అడిగాడు. మీరు షాపుకి వెళ్తే ఇదే పరీక్ష పెట్టండి. మొదట బడ్జెట్ అడిగినవాడు అమ్మేవాడు, మొదట మోకాలు అడిగినవాడు తెలిసినవాడు. ఈ పరీక్ష ఇంతవరకూ నాకు తప్పు చెప్పలేదు.

తర్వాత ఆఫీసులో ఒకాయన చెబితే జయనగర్ వైపు ఒక చిన్న షాపుకి వెళ్లాను. టెంట్లూ బ్యాగులూ అద్దెకిచ్చే చోటు. అక్కడుండే పెద్దాయనకి యాభై దాటి ఉంటాయి, హిందూపురం పక్కనుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారట. నా పోల్ తీసుకుని, తిప్పి, కింది ముక్క బయటికి లాగి, వాసన చూశారు.

"ఏం సార్, దీనికి నూనె పోసినారా?"

నేను పొయ్యలేదన్నాను. వేలితో గొట్టం లోపల తుడిచి చూపించారు. వేలు మెరుస్తోంది. అప్పుడు వెలిగింది నాకు.

ఈ తిప్పే రకం లోపల ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. తిప్పితే అది ఉబ్బి గొట్టం గోడకి ఒత్తుకుంటుంది. ఆ ఒరిపిడి తప్ప దాన్ని ఆపేది ఇంకేమీ లేదు. ఒరిపిడి మీద బతికేదానికి మా నాన్న కుట్టుమిషన్ నూనె రాశారు! పెద్దాయన సన్న ఊచకి గుడ్డ చుట్టి గొట్టాల లోపల సబ్బునీళ్లతో తోమారు, ఆరబెట్టారు, ఆ ప్లాస్టిక్ ముక్కని గిన్నెలు తోమే పచ్చ పీచుతో లైట్‌గా రుద్దారు. బిగించి, మొన నేలకి ఆనించి, తన బరువంతా దాని మీద వేసి చూశారు. కదల్లేదు. ట్రెక్‌కి బయల్దేరే ముందు ప్రతిసారీ ఈ పరీక్ష చెయ్యాలట. లివర్ నొక్కి మూసే రకమైతే పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, లివర్ వదులుగా మూసుకుంటే దాన్ని కొంచెం బిగించుకోవాలి. కొత్తగా కొనేవాళ్లు లివర్ రకమే కొనండి, తిప్పే రకం నా పగవాడికి కూడా వద్దు.

కొలతకి వస్తే, నన్ను ముందు వెనక్కి పంపించారు. చెప్పులతో వెళ్లాను. "కొండకి చెప్పులేసుకుని పోతారా?" అన్నారు. మళ్లీ సిల్క్ బోర్డు మీదుగా ఇంటికొచ్చి, బూట్లేసుకుని, మళ్లీ సిల్క్ బోర్డు మీదుగా వెళ్లాను. ఆ రోజు ట్రాఫిక్‌లో గడిపిన టైములో బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఎక్కి దిగొచ్చు. బూట్లతో సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, పోల్ పాదం పక్కన ఆనించి పట్టుకుంటే మోచెయ్యి గోడమూలలా తొంభై డిగ్రీలు రావాలన్నారు. నాకు 117 దగ్గర వచ్చింది. నేను వాడింది 130! మూడు ముక్కల పోల్‌లో పై కీలు కొలత మధ్యలో ఉంచి, కింది కీలుతో ఈ ఎత్తు పెట్టుకోవాలి. ఇక దారిలో ముట్టుకునేది పై కీలు ఒక్కటే. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. గొట్టం మీదుండే 'స్టాప్' గీత దాటి లాగకూడదు. పక్కింటి బేస్‌మెంట్ పార్కింగ్ ర్యాంపు మీద నన్ను నాలుగుసార్లు దింపారు. వాచ్‌మన్ మమ్మల్ని పిచ్చోళ్లని చూసినట్టు చూశాడు.

స్ట్రాప్, అంటే పిడికి ఉండే పట్టీ సంగతి అక్కడే తెలిసింది. అది పోల్ పడిపోకుండా పెట్టిన తాడు అనుకున్నాను ఇన్నాళ్లూ. చెయ్యి కింది నుంచి స్ట్రాప్‌లోకి పైకి దూర్చి, అప్పుడు స్ట్రాప్‌నీ గ్రిప్‌నీ కలిపి పట్టుకోవాలి. బరువు మణికట్టు మీదుగా స్ట్రాప్ మీద పడుతుంది, వేళ్లు వదులుగా ఉంచొచ్చు. వీడియోలు పాతిక చూశాను, బుర్రకెక్కలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కసారి దూర్చితే వచ్చేసింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మొహమాటానికి పోల్ మొనలకి తొడిగే రెండు రబ్బరు టోపీలు కొన్నాను. సావనదుర్గలాంటి నున్నటి బండ మీద ఆ ఇనపలాంటి మొన గీరుకుంటూ జారుతుంది, రబ్బరు పట్టుకుంటుంది. బండ మరీ నిలువుగా ఉంటే పోల్స్ మడిచి బ్యాగులో పెట్టి చేతులు వాడటమే మంచిది.

కార్బన్ కొనమంటారు చాలామంది, తేలికని. తేలికే. రాళ్ల మధ్య ఇరుక్కుంటే విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది, తొక్కి కాస్త సరిచేసుకుని ఇంటికి రావచ్చు. మన పడమటి కనుమలకి అల్యూమినియమే. బ్యాచ్ ట్రెక్‌లవాళ్లు అద్దెకిచ్చే పోల్స్ మాత్రం నమ్మొద్దు. జతలో రెండూ రెండు రకాలు, ఒకదానికి రబ్బరుండదు, ఇంకోదానికి స్ట్రాపుండదు. శుక్రవారం రాత్రి బస్సెక్కాక అడిగితే "అడ్జస్ట్ మాడి" (సర్దుకోండి) అని కన్నడంలో అంటారు, పోల్ మాత్రం అడ్జస్ట్ అవదు.

ఇంత హడావిడి అవసరమా అని మా టీమ్‌లో ఒకడు వెక్కిరించాడు. 1999లోనే పాతిక డిగ్రీల వాలు దిగేవాళ్ల మీద కొలిచి చూశారు, పోల్స్ వాడితే మోకాలి మీద పడే బరువు 25 శాతం దాకా తగ్గిందని తేలింది. తిరుమల నడకదారిలో మోకాళ్ల మెట్టు ఎక్కినవాడెవడూ ఈ మాట నవ్వుతూ వినడు.

నూనె సంగతి మా నాన్నకి ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నూనె రాస్తే పాడయ్యేది అసలు వస్తువేనట్రా, డిజైనే తప్పు" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసుతో నేనేం వాదిస్తాను?

మీ ఎత్తెంత, మోకాళ్లెలా ఉన్నాయి, కొన్నది తిప్పే రకమా లివరా, కామెంట్లో చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఈ మధ్య వాటిని శుభ్రం చేశారేమో కూడా అడిగి చెప్పండి.