బావి నీరు వాసన వస్తుంటే ఫిల్టరు కొనే ముందు మూడు గ్లాసులు పట్టి చూడండి

బావి నీటికి మురిగిన గుడ్డు వాసన పట్టుకుందని, ఏ ఫిల్టరు పెట్టించుకోవాలని మీరు అడిగారు. నేను ఫిల్టరు పేరు చెప్పను. ఆ వాసన బావిలో పుడుతోందా, గొట్టాల్లోనా, గీజరులోనా అన్నది తేలకుండా కొన్న ఫిల్టరు దండగ ఖర్చేనని మా ఇంట్లో అనుభవపూర్వకంగా తెలుసుకున్నాము.

మా బావికి ఇదే వాసన మొదలైనప్పుడు ఫిల్టర్లు అమ్మే వ్యక్తి ఒకరు వచ్చి, కొళాయి దగ్గర ఒకసారి వాసన చూసి, బొగ్గు ఫిల్టరు బిగించి వెళ్ళిపోయారు. మూడు వారాలు నీరు బాగుంది, నాలుగో వారంలో మళ్ళీ అదే కంపు. ఆ ఫిల్టరులోని బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) మురిగిన గుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడు వాయువును కొద్ది మోతాదులోనే పట్టి ఉంచగలదు. లీటరు నీటిలో అది దాదాపు 0.3 మిల్లీగ్రాములు దాటితే బొగ్గు తొందరగా నిండిపోతుంది. నీటిని కొలవకుండా పరికరం అమ్మడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ తరువాత బంధువొకరు పరీక్ష సీసా ఒకటి తెచ్చి ఇచ్చారు. లోపల మందు పూసిన కాగితపు పట్టీ ఉంటుంది, గుర్తు దాకా నీరు పోసి మూత బిగించాలి, నీరు నల్లబడితే మలం కలిసినట్టు లెక్క. రాత్రి నీరు పోసి అలమరలో పెట్టాము. తెల్లవారి మా అమ్మగారు అలమర తెరిచేసరికి సీసా కాటుకలా నల్లగా ఉంది. ఆవిడ ఏమీ మాట్లాడకుండా వంటింట్లో పట్టి ఉంచిన నీళ్ళన్నీ పారబోశారు. సెప్టిక్ ట్యాంకు బావిలోకి ఊరుతోందని అందరం నమ్మి, ట్యాంకు చుట్టూ తవ్వించడానికి మనుషులను కూడా మాట్లాడుకున్నాము. ఈలోగా ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది: 100 మిల్లీలీటర్ల నీటిలో, మలం కలిసిందని చూపే ఈ.కోలై బాక్టీరియా ఒక్కటి కూడా లేదు.

సీసా అబద్ధం చెప్పలేదు, దాని మాటను మేమే తప్పుగా అర్థం చేసుకున్నాము. మాంజా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1982లో ప్రకటించిన ఈ చౌక పరీక్ష ఈ.కోలైని నేరుగా వెతకదు. హైడ్రోజన్ సల్ఫైడును పుట్టించే సూక్ష్మజీవులు ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. అప్పటికే సల్ఫైడు ఉన్న నీటిలో, లేదా సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బాక్టీరియా బావిలో సహజంగానే ఉన్న చోట, మలం కలవకపోయినా సీసా నల్లబడుతుంది. కాబట్టి వాసన వచ్చే నీటికి ఈ సీసాను నమ్ముకోకండి, ఈ.కోలై పరీక్షే చేయించండి. ఆ ఫలితం వచ్చేదాకా మాత్రం ఆ నీరు తాగవద్దు.

సల్ఫైడు కొలత విషయంలోనూ మాకు ఒక దెబ్బ తగిలింది. సగం నింపిన సీసాను మరునాడు తీసుకువెళ్ళి ఇస్తే సల్ఫైడు లేదని రాసి ఇచ్చారు. అది వాయువు, దారిలోనే ఎగిరిపోతుంది. బావి దగ్గరే కొలవాలి, లేదా జింక్ ఎసిటేట్ వేసిన సీసాను గాలి మిగలకుండా నింపి ఇవ్వాలి. నమూనా తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పవలసిన బాధ్యత ప్రయోగశాలదేనని నా అభిప్రాయం.

చివరికి దారి చూపింది మూడు గాజు గ్లాసులు. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ కొళాయి తిప్పకముందే బావిలోంచి చేదిన నీరు ఒక గ్లాసులో, చన్నీళ్ళ కొళాయి నీరు రెండో గ్లాసులో, వేడినీళ్ళ కొళాయి నీరు మూడో గ్లాసులో పట్టాము. ముక్కు ఈ వాసనకు త్వరగా అలవాటుపడుతుంది కనుక ఒక్కో గ్లాసుకు ముందు బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చాము. వేడి నీటికి మాత్రమే వాసన ఉంటే గీజరు ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీని అనుమానించాలి. మాకు రెండు కొళాయిల నీరూ కంపు కొట్టింది, పైనుంచి చేదిన నీటికి మాత్రం ఏ వాసనా లేదు. పై నీటికి గాలి తగులుతుంది. అడుగున ఆకులు కుళ్ళిన పూడికలో ఆక్సిజన్ ఉండదు, ఈ బాక్టీరియా పెరిగేది అక్కడే. మా మోటారు ఫుట్‌వాల్వు, అంటే నీటిని పీల్చే గొట్టం అడుగు చివర ఉండే కవాటం, సరిగ్గా ఆ పూడిక మీదే కూర్చుని ఉంది.

పూడిక తీయించడానికి ఎవరినీ బావిలోకి దింపవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. పూడికను కదిలిస్తే ఈ వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, కనుక వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు. దీపం దింపి చూడడం కూడా ఈ వాయువును పట్టించదు. మేము పైనుంచే బురద పంపుతో తోడించాము.

తరువాత క్లోరిన్ వేశాము. బావి వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు, అంటే దాదాపు 9,400 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 470 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరైతే సుమారు 1.4 కిలోలు. మూత తీసి చాలాకాలం ఉంచిన పౌడరు బలం కోల్పోతుంది. పౌడరును బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేటను మాత్రమే బావిలో పోశాము. బొగ్గు ఫిల్టరు క్లోరిన్‌ను మింగేస్తుంది కనుక ముందే దాన్ని తప్పించి, ప్రతి కొళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా నీరు వదిలి, కట్టేసి 24 గంటలు ఆగాము. ఆ తరువాత క్లోరిన్ వాసన పోయేదాకా నీటిని తోడి, మొక్కలకూ సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా పారించాము. ఫుట్‌వాల్వును అడుగు నుంచి ఒక మీటరు పైకి ఎత్తించాము, రెండు వారాల తరువాత మరోసారి ఈ.కోలై పరీక్ష చేయించుకున్నాము. ఆ కంపు మళ్ళీ రాలేదు, బొగ్గు ఫిల్టరును తిరిగి బిగించనూ లేదు.

మీ బావి అడుగున పూడిక లేకుండా ఊటనీటిలోనే సల్ఫైడు ఉంటే ఒక్కసారి క్లోరిన్ వేసినందువల్ల అది పోదు. నీటిని గాలిలో చిమ్మించి ట్యాంకులో పట్టడమో, క్రమంగా క్లోరిన్ వేసి వడగట్టడమో చేయాలి. రేపు ఉదయం మూడు గ్లాసులూ పట్టి, ఏ గ్లాసు వాసన వచ్చిందో, కాసేపు నీరు వదిలాక అది తగ్గిందో లేదో రాయండి.