తేదీ చెప్పడం మాత్రం మరిచిపోకు

అమ్మలూ,

వేసవి సెలవుల్లో పిల్లల కోసం విజయవాడ సప్తగిరి ఛానెల్లో జానపద కళల కార్యక్రమం చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. సంతోషమే, కానీ నీ తొందర నాకు తెలుసు కదా!

ఎండ జాగ్రత్త. బయట షూటింగ్ పొద్దున 9 లోపు ముగించు, లేదంటే పొద్దు వాలాక పెట్టుకో. కెమెరా సిద్ధమయ్యాకే పిల్లలకు మేకప్ వేయించు. మజ్జిగ కుండ దగ్గరే ఉండాలి. పారితోషికం కాగితాల మీద సంతకాలు ఆ రోజే తీసుకో, పెద్దవాళ్లను మళ్లీ తిప్పకు.

మొదటి భాగం తోలుబొమ్మలాటట కదా. తెర ముందు లైట్లన్నీ ఆర్పించు. తోలు పల్చగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్దేది వెనక నుంచి వచ్చే వెలుగు కోసమే. నేల దగ్గర ఒక మైకు పెట్టు. ఆడేవాళ్లు కాళ్ల కింద చెక్కలు వేసుకుని తొక్కుతారు, యుద్ధఘట్టానికి ఆ చప్పుడే ప్రాణం. నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్కల మాటలు కాస్త మోటుగా ఉంటాయి, ముందే విను. అలాగని వాళ్లను తీసేశావో, నేనూరుకోను.

1991 మేలో నేను టీవీకి చేసిందీ తోలుబొమ్మలాటే. బొమ్మలాడించిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. రాత్రంతా ఆడే కథను అరగంటకు కుదించమంటే మారుమాట లేకుండా కుదించాడు. వెళ్తూ "ఎప్పుడొస్తుందమ్మా?" అన్నాడు. "23, గురువారం సాయంత్రం" అన్నాను. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని వెళ్లాడు. 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సంతాప దినాలు, ఆట ఆగిపోయింది. అది ఎవరి తప్పూ కాదు.

నా తప్పు ఆ తర్వాతది. జూన్‌లో ఒక సాయంత్రం ఖాళీ దొరికితే ఆ ఆట వేశాం. ఆయనకు కార్డు ముక్క రాయాలి. కార్డు నా సొరుగులోనే ఉంది, చిరునామా ఉంది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ రాయనే లేదు. తొలకరి పడి వాళ్ల ఊరంతా పొలాల్లో ఉంది, టీవీ ఉన్న పంచాయతీ గదికి తాళం.

జూలైలో మనవణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. "మా ఆట ఎప్పుడేస్తారమ్మా? ఊళ్లో రోజూ అడుగుతున్నారు" అన్నాడు. వేసేశామని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. చెప్పాక కోప్పడలేదు. "ఎవరన్నా చూశారా?" అని ఒక్కటే అడిగాడు. మళ్లీ చూపిద్దామంటే టేపు లేదు. టేపులు కొరతగా ఉన్న రోజులు, దాన్ని చెరిపి వాడుకోమని సంతకం పెట్టింది కూడా నేనే. మనవడు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్లాడికి అప్పుడు పదేళ్లుంటాయేమో.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది పెద్దమ్మా, ఎప్పుడైనా చూసుకోవచ్చు అంటావు. లింకు పడేసి ఊరుకోకు. ఫోన్ చేసి నోటితో చెప్పు. ఆయనకు ఫోన్ లేకపోతే పక్కింటివాళ్ల నంబరు రాసుకో. తేదీ మారితే మళ్లీ చెయ్యి, పది మందుంటే పది మందికీ చెయ్యి.

గట్టిగా మాట్లాడానని మనసులో పెట్టుకోకు తల్లీ. ఆవకాయ కలిపాను, మీ అమ్మతో చిన్న జాడీ పంపిస్తున్నా. వేళకు తిను. మొదటి భాగం ఏ రోజో, ఎన్ని గంటలకో నాకూ ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ