మునగాకు నెయ్యి కాచే ముందు

చిట్టితల్లీ,

పాప అన్నప్రాసనకి మునగాకు నెయ్యి నువ్వే కాస్తానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. 20 రోజులుగా ఫ్రిజ్‌లో మీగడ దాస్తున్నావట. పాలు పొంగకుండా చూడమంటే పుస్తకం పట్టుకుని అన్నీ మరిచిపోయేదానివి, ఇప్పుడు బిడ్డకోసం నెయ్యి కాస్తానంటున్నావు. ఎంత పొంగిపోయానో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

తోడు పెట్టడం, చిలకడం, వెన్నని చన్నీళ్ళతో కడగడం నీకు తెలిసినవే. అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టు, సగానికి మించి నింపకు, సెగ సన్నగా ఉంచు. వెన్నలో నీళ్ళున్నంతసేపే చిటపటలాడుతుంది. ఆ చప్పుడు తగ్గిందంటే వేడి గబగబా పెరుగుతుంది. అప్పుడు ఫోన్ వస్తే తీయకు, నేను చేసినా సరే.

ఇక ఆకు సంగతి. 1974లో మేం పల్లెలో ఉన్నప్పుడు మాట. పెరట్లో మునగచెట్టు, వంటింట్లో కట్టెల పొయ్యి. మా అత్తగారు ఊరెళ్ళారు, నెయ్యి కాచే పని మొదటిసారి నా చేతికొచ్చింది. బాగా కాచాను కూడా. నురగ అణిగింది, అడుగున మడ్డి గోధుమరంగుకి తిరిగింది, ఇల్లంతా కమ్మటి వాసన. ఆకు మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి రెండు రెబ్బలు విరిచి, కడిగి, నీళ్ళు కారుతుండగానే దూసి గుప్పెడు ఆకు గిన్నెలో పడేశాను. నీళ్ళు నెయ్యికంటే బరువు కదా, కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై నెయ్యిని ఎగదన్నాయి. మీ మామయ్యకి అప్పుడు మూడేళ్ళు. మడ్డిలో బెల్లం కలిపి పెడతానంటే గిన్నె పక్కనే కూర్చుని ఉన్నాడు.

వాడి మోచేతి మీద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి, టపాకాయ కాలిందని చెప్పేదాన్ని. అబద్ధం. అది నా చేతి పనే. పైగా ఎవరో చెబితే కాలినచోట సిరా పోశాను. అలాంటివేవీ చెయ్యకూడదు, వెన్న కూడా రాయకూడదు. చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇన్నేళ్ళలో వాడు నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వడిగినప్పుడల్లా టపాకాయే అనేవాడు.

కాబట్టి ఆకు ముందు రోజే కడుగు. పొడిగుడ్డ మీద నీడన పరిచి ఆరబెట్టు. వేళ్ళతో నలిపి చూడు, తడి తగిలితే వెయ్యకు. కిలో వెన్నకి గుప్పెడు చాలు. స్టవ్ ఆపి, రెండు నిమిషాలు ఆగి, నాలుగేసి ఆకులుగా వెయ్యి. కరకరలాడాక వడకట్టు. సీసాలో కూడా తడి ఉండకూడదు. గిన్నె దింపేటప్పుడు చున్నీతో పట్టుకుంటావు నువ్వు, చూశాను. మసిగుడ్డ వాడు. పొరపాటున నిప్పంటుకుంటే స్టవ్ ఆపేసి మూత పెట్టెయ్యి, నీళ్ళు మాత్రం పొయ్యకు.

పాప పాకుతోందట కదా. ఆ గంటసేపు అల్లుడుగారిని పాపని ఎత్తుకుని బాల్కనీలో ఉండమను. వంటింటి తలుపు గడియ వేసుకో. ఇది నామీద ఒట్టు.

సరస్వతి ఆకుతో కూడా చేస్తానన్నావట. అది మందు నెయ్యి తల్లీ. ఆకు ముద్ద ఒక వంతు, నెయ్యి నాలుగు, రసం పదహారు వంతులు పోసి, రసమంతా ఇగిరేదాకా కాచాలి. ఆర్నెల్ల పిల్లకి వైద్యుణ్ణి అడక్కుండా అలాంటివి పెట్టొద్దు. మునగాకు నెయ్యి కూడా పిల్లల డాక్టరుని అడిగాకే, అదీ రెండు చుక్కలు.

శనివారం బయల్దేరుతున్నాం. మామయ్య కూడా వస్తున్నాడు. మడ్డి పారెయ్యకు, బెల్లం నేను తెస్తాను. పాప అన్నంలో ఆ రెండు చుక్కలూ వాడి చేత వేయించు.

మీ అమ్మమ్మ