టీకా సందేహాలు: వార్త చూశాక కార్డు తీయండి

ఎక్కడో తట్టు కేసులు బయటపడ్డాయన్న వార్త వచ్చిన వారం మాకు ఉత్తరాలు రెట్టింపవుతాయి. తట్టునే కొందరు పొంగు అంటారు. రాసినవాళ్లలో సగం మంది టీకా తొందరగా వేయించాలా అని అడుగుతారు, మిగతా సగం మంది అసలు వేయించాలా అని. రెండిటికీ జవాబు టీవీ తెరమీద దొరకదు. పిల్లవాడి వయసెంత, ఇంతవరకు ఏ డోసు ఏ తేదీన పడింది, జబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఎప్పుడు మెలిగాడు అన్న మూడు వివరాలు చేతిలో ఉంటే చాలావరకు నిర్ణయం తేలిపోతుంది. ఈసారి ఉత్తరాలకు జవాబులు ఆ లెక్కనే రాశాం.

ప్రశ్న: పాపకు ఏడు నెలలు. షెడ్యూల్ ప్రకారం తట్టు టీకాకు ఇంకా టైముంది. వార్తలు చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. ముందే వేయించవచ్చా?

జవాబు: వేయించవచ్చమ్మా, కానీ ఎక్కడో కేసులున్నాయన్న భయం ఒక్కటే కారణం కాకూడదు. మీరున్న చోటే వ్యాధి వ్యాపిస్తోందని ఆరోగ్యశాఖ ప్రకటించినా, అలాంటి ప్రాంతానికి పాపను తీసుకెళ్లాల్సి వచ్చినా ఆరు నెలలు నిండిన పిల్లలకు ఒక అదనపు డోసు వేస్తారు. దీన్నే జీరో డోసు అంటారు. ఆ పేరు ఎందుకో గుర్తుంచుకోండి. అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత షెడ్యూల్‌లోని రెండు డోసులూ వేయించాల్సిందే, మధ్యలో కనీసం నాలుగు వారాల ఎడంతో.

ఎందుకు లెక్కలోకి రాదంటే, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రోటీన్లు) బిడ్డ రక్తంలో కొన్ని నెలలు ఉంటాయి. టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను అవి అణచేస్తాయి, బిడ్డ ఒంట్లో సొంత రక్షణ గట్టిగా తయారుకాదు. అందుకే తొమ్మిది నెలలకు వేసిన డోసు సుమారు 85 శాతం పిల్లల్లో పనిచేస్తే, ఏడాది నిండాక వేసింది 93 శాతం మందిలో పనిచేస్తుంది. రెండో డోసుతో అది 97 శాతానికి చేరుతుంది. ప్రయాణం ఉంటే బయల్దేరడానికి రెండు వారాల ముందే వేయించండి, రక్షణ తయారవడానికి ఆపాటి సమయం పడుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్లకు ఈ టీకా వేయరు. ఇంట్లో మిగతావాళ్ల డోసులు పూర్తిగా ఉండటమే వాళ్లకు కాపు.

ప్రశ్న: జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది టీకా వేయించుకున్నవాళ్లేనని ఒక వార్తలో చెప్పారు. మరి టీకా ఎందుకండీ?

జవాబు: ఈ వాక్యం నిజమే కావచ్చు, అయినా దాన్నుంచి మీరు తీసుకున్న అర్థం తప్పు. కాగితం మీద లెక్క వేద్దాం.

ఒక బడిలో 1000 మంది పిల్లలున్నారనుకోండి. 950 మందికి రెండు డోసులూ పడ్డాయి, 50 మందికి ఒక్కటీ పడలేదు. వైరస్ అందరికీ తగిలిందనుకుందాం. టీకా లేనివాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది చొప్పున 45 మందికి జబ్బు వస్తుంది. టీకా ఉన్నవాళ్లలో వందకు ముగ్గురు చొప్పున 28 మందికి వస్తుంది. మొత్తం 73 కేసులు, అందులో 28 టీకా వేయించుకున్నవాళ్లవి. ఐదుగురిలో దాదాపు ఇద్దరు! అదే బడిలో 990 మందికి టీకా పడి ఉంటే? టీకా లేని పదిమందిలో తొమ్మిదిమందికి, టీకా ఉన్నవాళ్లలో 30 మందికి. ఇప్పుడు నాలుగింట మూడొంతులకు పైగా కేసులు టీకా వేసుకున్నవాళ్లవే అవుతాయి. అయినా కేసులు మాత్రం 73 నుంచి 39కి తగ్గాయి. టీకాలు ఎంత ఎక్కువమందికి పడితే ఆ వాటా అంత పెరుగుతుంది. వార్తలో చూడాల్సింది ఆ వాటా కాదు, టీకా లేని వందమందిలో ఎందరికి, ఉన్న వందమందిలో ఎందరికి అన్నది.

ఇంకో రెండు వివరాలు వెతకండి. ఆ కేసులు ల్యాబులో తేలినవా, అనుమానితులా? వాళ్లకు పడింది ఒక్క డోసా, రెండా? ఒక్క డోసు వేయించి రెండోది మరిచిపోయినవాళ్లను కూడా 'టీకా వేయించుకున్నవారు' కింద రాసేస్తుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి తరగతిలో ఒకరికి తట్టు అని నిన్న తేలింది. వాడికి మూడేళ్లు, ఒక్క టీకా కూడా వేయించలేదు. ఇప్పుడు వేయిస్తే లాభముందా?

జవాబు: ఉంది, కానీ గంటలు లెక్కపెట్టాలి. వైరస్ తగిలిన 72 గంటలలోపు తట్టు టీకా పడితే జబ్బు రాకుండా ఆపగలదు, వచ్చినా తేలిగ్గా పోనివ్వగలదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 72 గంటలు జబ్బు తేలిన రోజు నుంచి కాదు, మీవాడు ఆ పిల్లవాడితో మొదట కలిసి కూర్చున్నప్పటి నుంచి. తట్టు ఉన్నవాళ్లు ఒంటిమీద దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తారు. అందుకే దద్దుర్లు ఏ రోజు కనిపించాయో బడిలో అడిగి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి. గడువు దాటినా టీకా వేయించండి, ఈసారికి కాకపోయినా మరోసారికి పనికొస్తుంది.

ఇంట్లో ఆరు నెలల లోపు బిడ్డో, టీకా పడని గర్భిణో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లో ఉండి, వాళ్లకూ జబ్బు మనిషితో సంపర్కం జరిగి ఉంటే ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, ఇవ్వడానికి వీలుంది. డాక్టరుకు ఆ సంగతి మీరే చెప్పాలి. అది కండకు ఇచ్చాక ఆరు నెలల దాకా తట్టు టీకా సరిగా పనిచేయదు, కాబట్టి ఆ తేదీ కూడా కార్డులో రాయించండి.

21 రోజులు కనిపెట్టుకుని ఉండండి. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడి నీరుకారే కళ్లు ముందు వస్తాయి. బుగ్గల లోపలి వైపు, దవడ పళ్లకు ఎదురుగా, ఎర్రటి మచ్చల మధ్య ఉప్పురవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనబడితే అది తట్టు గుర్తు. దద్దుర్లు జుట్టు మొదళ్ల దగ్గర, చెవుల వెనక మొదలై కిందికి దిగుతాయి. అనుమానం రాగానే నేరుగా ఆసుపత్రికి వెళ్లి వరసలో కూర్చోకండి. తట్టు ఉన్న మనిషి వెళ్లిపోయిన రెండు గంటల దాకా కూడా గది గాలిలో వైరస్ నిలిచి ఉంటుంది. ముందు ఫోన్ చేసి, ఎటువైపు నుంచి రమ్మంటారో అడగండి. తట్టు అని తేలితే విటమిన్ ఎ సంగతి అడగండి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 2 లక్షల యూనిట్ల చొప్పున వరసగా రెండు రోజులు ఇస్తారు. అది వైద్యమే తప్ప టీకాకు బదులు కాదు. ఎక్కువైతే విషం, ఇంట్లో సొంతంగా పోయకండి.

ప్రశ్న: ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడిటికీ కలిపి వేసే) టీకాతో ఆటిజం వస్తుందని, ఫిట్స్ వస్తాయని బంధువులు భయపెడుతున్నారు. కొన్నేళ్లు ఆగి వేయిస్తే?

జవాబు: రెండూ వేరువేరు సంగతులు. ఒకటి అబద్ధం, ఒకటి నిజం.

ఆటిజం కథ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పన్నెండుమంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసంతో మొదలైంది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బ్రిటన్‌లో వైద్యం చేసే అర్హత పోగొట్టుకున్నాడు. 2019లో డెన్మార్క్ వాళ్లు ఆరున్నర లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూశారు. టీకా పడ్డవాళ్లలోనూ పడనివాళ్లలోనూ ఆటిజంలో తేడా కనబడలేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రులకు తెలిసొచ్చేది ఏడాదికీ రెండేళ్లకూ మధ్య, ఈ టీకా పడేదీ దాదాపు అప్పుడే. ఆ రెండూ పక్కపక్కన పడటం చూసి ఒక తల్లి మనసు ముడిపెట్టుకుంటే ఆమెను తప్పుపట్టం. కానీ ముడి అక్కడ లేదు.

ఫిట్స్ మాట నిజం, అయితే అరుదు. సుమారు మూడు నుంచి నాలుగు వేల డోసులకు ఒకరికి, టీకా రోజున కాదు, వారం పన్నెండు రోజుల మధ్య వచ్చే జ్వరంతో వస్తాయి. చూడటానికి గుండె ఆగినంత పనవుతుంది గానీ మెదడుకు హాని చేయవు. అదే తట్టు జబ్బు వస్తే వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు వస్తుంది. ఆగితే ఫిట్స్ తప్పుతాయా అంటే, మొదటి డోసును పదహారో నెల దాటించిన పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ ఇంకాస్త ఎక్కువే కనిపించాయి.

ఆ రోజుల్లో జ్వరం వస్తే పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా వేయండి. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసా చూడండి. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే ఆరుంబావు మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు. సీసా మారినప్పుడు మూత కొలత మారకపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఫిట్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు.

ప్రశ్న: జలుబుందని డోసు తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలా? ఒకేరోజు మూడు సూదులు ఎక్కువ కాదా?

జవాబు: జలుబు, కొద్దిపాటి విరేచనాలు, యాంటీబయాటిక్ వాడకం వాయిదాకు కారణాలు కావు. తప్పిన డోసు నుంచే కొనసాగిస్తారు, మొదటికి రారు. మూడు సూదులు ఒకేరోజు ఫరవాలేదు. రెండు సజీవ టీకాల (తట్టు టీకాలా బలహీనపరిచిన క్రిములతో చేసినవి) సూదులైతే ఒకేరోజు వేయాలి, లేదా నాలుగు వారాల ఎడం ఉంచాలి. విడదీసి వేయిస్తే సూదులు తగ్గవు, బిడ్డ రక్షణ లేకుండా గడిపే వారాలు పెరుగుతాయి, అంతే. నిజంగా ఆపాల్సింది వేరేవాళ్లకు. గత డోసుకు ప్రాణాంతక అలర్జీ వచ్చినవాళ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, పెద్ద మోతాదు స్టెరాయిడ్లు రెండు వారాలు పైబడి వాడినవాళ్లు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ప్రశ్న: సీసాలో మందు బాగుందో లేదో మాకెలా తెలుస్తుంది?

జవాబు: చాలా సీసాల మీద ఒక గుండ్రటి గుర్తు, దానిలో చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే వాడొచ్చు, సమానమైనా ముదిరినా పారేయాలి. చూపించమని అడగండి, అది మీ హక్కు. ఆ గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది. డీపీటీ, హెపటైటిస్ బి లాంటివి గడ్డకట్టినా చెడిపోతాయి, ఆ సంగతి అది చెప్పదు. తట్టు టీకా పొడిలో నీటిమందు కలిపిన టైము సీసా మీద రాసి ఉందా అని కూడా చూడండి. కలిపిన ఆరు గంటల తర్వాత ఆ సీసాలోంచి వేయకూడదు.

ప్రశ్న: కార్డు పోయింది. రెండో డోసు పడిందో లేదో గుర్తులేదు.

జవాబు: వేసిన చోట రిజిస్టరులో ముందు వెతికించండి. దొరక్కపోతే పడలేదనుకుని మళ్లీ వేయించండి, తట్టు టీకా ఒకటి ఎక్కువ పడితే నష్టం లేదు. కొత్త కార్డు మీద పాత తేదీలు ఊహించి రాయించకండి. రేపు బడిలో కేసు బయటపడ్డ రోజున ఆ ఊహనే నిజమనుకుని బిడ్డకు 72 గంటల టీకా వేయకుండా వదిలేస్తారు.